కళ్ళ లెక్క కోసం సముద్రం ఒడ్డుకు

లెక్కలు రాసేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ మంట. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లో విజయనగరంలో మా వీధికి పశువుల లెక్క రాయడానికి ఒకాయన వచ్చాడు. వీధి మొదట్లో టీ కొట్టు ఉండేది. ఆయన ఆ బల్ల మీద కూర్చుని, రెండు టీలు తాగి, ఒక్క గడప కూడా తొక్కకుండా ఇల్లిల్లూ రాసేశాడు. మా ఇంటికి రెండు ఎద్దులు రాశాడని తరవాత తెలిసింది. మాది గుళ్ళో సన్నాయి వాయించే ఇల్లు. ఎద్దు మాట అటుంచి, మా ఇంట్లో ఎద్దు బొమ్మ కూడా లేదు. ఆ రెండు ఎద్దులూ ఏదో పెద్ద పుస్తకంలోకి ఎక్కి ఉంటాయి. వాటికి గడ్డి ఎంత కావాలో ఢిల్లీలో ఎవరో పెద్దమనిషి ఫ్యాను కింద కూర్చుని ఆలోచించి ఉంటాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకా. సన్నాయికి నా ఊపిరి చాలదని నాన్న తేల్చేశాక జూటు మిల్లులో కాటా దగ్గర పనికి చేరాను. గణాంక శాస్త్రం పాత పుస్తకాల కొట్లో కొన్నవాటితో నేర్చుకున్నాను. మొదట దొరికిన పుస్తకానికి ముందు ముప్ఫై పేజీలు లేవు. వాటిలో ఏముందో నేనే ఊహించుకోవలసి వచ్చింది. కొన్నేళ్ళకు పూర్తి పుస్తకం దొరికింది. నేను ఊహించిందే మెరుగ్గా ఉంది.

ఇదంతా ఎందుకంటే, మా అన్నగారి మనవరాలు సుజాత నన్ను వెంట తీసుకెళ్ళడానికి కారణం ఈ కోపమూ ఈ చదువూను. ఆమె కళ్ళ పరీక్షలు నేర్పే కాలేజీలో ఉద్యోగం చేస్తూ డాక్టరేటు పరిశోధన చేస్తోంది. సముద్రం ఒడ్డున వలలు అల్లి బాగుచేసే ఇళ్ళలో, నలభై దాటినవాళ్ళలో ఎంతమందికి దగ్గరి చూపు తగ్గిందో లెక్క తీయాలి. ఆ లెక్కను బట్టి ఒక ధర్మసంస్థ ఆ తీరంలో ఊరూరికీ కళ్ళద్దాలు పంచుతుంది. పనికి ఇద్దరుండాలి. ఒకరు అట్ట చూపిస్తారు, ఇంకొకరు రాస్తారు. రాయవలసిన ఆమెకు పెళ్ళి కుదిరింది.

"చిన్నతాతా, మీరు రండి. మీరైతే ఉన్నది ఉన్నట్టు రాస్తారు," అంది.

"రాస్తాను. అందులో సందేహమేముంది?"

"మధ్యలో మాట్లాడకూడదు."

"అందులో సందేహం ఉంది."

ఏయే ఇళ్ళకు వెళ్ళాలో ఆమె ఫోనే ఎంచి చెప్పగలదట. నేను ఒప్పుకోలేదు. ఫోను చెప్పిందంటే జనం నమ్మరు, నీకు కావలసినవాళ్ళని పెట్టుకున్నావంటారు, ఊరందరి ముందూ కుండలో చీటీలు వేసి తీయించు అన్నాను.

"రెండూ ఒకటే కదా తాతా?"

"గణితానికి ఒకటే. జనానికి కాదు."

ఆ మాట అన్నందుకు నాకు చాలా తృప్తి కలిగింది. ఆ తృప్తి తీరంలో భావనపాడు దాటేదాకా ఉంది.

భోగాపురం దగ్గర

అసలు పనికి ముందు ఎక్కడైనా చిన్నగా చేసి చూసుకోవాలి. భోగాపురం పక్కన ఒక చిన్న పల్లెలో దిగాం. విమానాశ్రయం వస్తుందని ఆ చుట్టుపక్కల అంతా కుతకుతలాడుతున్న వేసవి అది. పరీక్షలో అట్టకూ కంటికీ మధ్య దూరం అందరికీ ఒకటే ఉండాలి. దానికోసం సుజాత సంచిలోంచి ఇనప టేపు తీసి సర్రున లాగింది. మరుక్షణం మా చుట్టూ ఊరు ఊరంతా ఉంది.

"ఎకరానికెంత రాస్తన్నారు?" అన్నాడు ఒక పెద్దాయన.

"మేము నేల కొలవడం లేదండీ. కళ్ళు చూస్తున్నాం," అంది సుజాత.

"కళ్ళా? కళ్ళెందుకమ్మా? ఇమానం దిగాలంటే మా కళ్ళు కూడా ఇచ్చీయాలేటి?"

వెనకనుంచి ఒకామె, "నా జీడితోట మటుకు కొలవకండి బాబూ, మా ఆడపడుసు ఊళ్ళో నేదు," అంది. ఇంకొకతను తనకు చూపు ఆనడం లేదనీ, విమానాలు తిరిగితే ఇంకా పోతుందనీ, ఆ పోబోయేది కూడా ఇప్పుడే రాసుకోమనీ అన్నాడు. పోబోయే చూపుకు మా కాగితంలో గడి లేదు.

టేపు లోపల పెట్టేశాం. కొట్లో నూలుదారం కొని, కావలసిన పొడవుకు ముడి వేశాం. దారానికి ఎవరూ భయపడలేదు. పెద్దాయన మాకు తాటిముంజలు పెట్టించాడు. మా ఊళ్ళో అమ్మే ముంజలు బండల్లా ఉంటాయి. ఇవి నోట్లో వేసుకోగానే ఉన్నాయో లేవో తెలియలేదు. వెళ్ళేటప్పుడు, "ఇంతకీ ఎకరానికెంతో సెప్పనేదు," అన్నాడు.

శ్రీకాకుళం

బస్సులో నా పక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒకామె ఎక్కడికని అడిగింది. చెప్పాను. "కళ్ళకైతే అరసవల్లి ఎల్లి సూర్నారాయణమూర్తికి దణ్ణమెట్టుకుంటే సాలు కదేటి? లెక్కెడితే వస్తాదేటి సూపు?" అంది. లెక్కపెడితే చూపు రాదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు ఒక జామకాయ ఇచ్చింది.

నాగావళిలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువగా ఉంది. స్టాండు దగ్గర హోటల్లో ఉప్మా పెసరట్టు చెప్పాం. మా ఊళ్ళో ఉప్మాను పెసరట్టు మడతలో పెడతారు. ఇక్కడ పక్కన గిన్నెలో పెట్టారు. ఇదేమిటయ్యా అంటే వడ్డించే మనిషి, "లోపలెడితే అయిదు రూపాయలు ఎక్కువ సార్," అన్నాడు. నేనే లోపల పెట్టుకున్నాను.

ఆఫీసులో మాకు కావలసిన పల్లె ఇళ్ళ జాబితా ఇచ్చిన గుమాస్తా చాలా మర్యాదస్తుడు. "సచ్చిపోయినోలు అక్కడక్కడ ఉంటారండి. మిగతాదంతా కరెక్టే," అన్నాడు. బతికున్నవాళ్ళంతా ఉన్నారా అని అడిగాను. "బతికున్నోలు ఆలే కనపడతారు కదండీ," అన్నాడు. నాకు మా ఎద్దులు గుర్తొచ్చాయి. నోరు తెరవబోయేసరికి సుజాత నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

భావనపాడు దాటాక

పల్లె పేరు రాయను. రాయనని సుజాత వాళ్ళకు మాటిచ్చింది. భావనపాడు దాటి ఆటోలో కొంత, నడిచి కొంత. దారి పొడుగునా తెల్లగా ఉప్పు మడులు, ఆ తరవాత జీడితోటలు, సరుగుడు చెట్లు, ఆ వెనక సముద్రం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించిన రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుని ఉన్నాయి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు అందరూ నీడ కనపడ్డ చోటల్లా కూర్చుని వలలు బాగుచేస్తున్నారు. మాకు కావలసింది అదే.

ఊరిపెద్ద కూర్మయ్య నా ఈడువాడు. ముందు మాకు అన్నం పెట్టించి తరవాతే ఎవరని అడిగాడు. చోడి అంబలి, అంటే రాగి అంబలే, ఎండు నెత్తళ్ళ చేపలు వేసిన వంకాయ కూర. మా ఇళ్ళలో ముందు ఎవరని అడిగి, జవాబును బట్టి మజ్జిగ ఇస్తారు.

సుజాత చెప్పినదంతా విని, "బాగున్నాది. అందరివీ సూడరు, కొన్ని ఇళ్ళే సూస్తారు. ఏ ఇళ్ళో సీటీల మీద తేలుతాది. అంతే కదమ్మా?" అన్నాడు.

"అంతే బాబాయిగారూ."

"అయితే కుండ మా ఇంట్లో ఉన్నాది. మా కుండలోనే వెయ్యండి."

సుజాత వైపు గర్వంగా చూశాను. ఫోనైతే ఇంత త్వరగా అర్థమయ్యేదా? చచ్చిపోయినవాళ్ళను కొట్టేసి, రాయనివాళ్ళను చేర్చి, నలభై దాటిన మనిషి ఉన్న ఇంటింటికీ ఒక చీటీ రాశాం. సాయంత్రం ఊరందరి ముందూ కూర్మయ్య తీశాడు. జనం అంత బుద్ధిగా కూర్చుని వినడం నేను పురాణ కాలక్షేపాల్లో కూడా చూడలేదు. తీసిన చీటీ ఆ ఇంటివాళ్ళకే ఇచ్చి, మర్నాడు అది పట్టుకుని వలల పాక దగ్గరికి రమ్మన్నాం. దొంగ మనుషులు రాకుండా చీటీ ఇవ్వాలన్నది కూడా నా ఆలోచనే. ఆ ఇళ్ళ గోడల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాను.

వలల పాక

చదువు రానివాళ్ళకోసం అట్ట మీద అక్షరాలకు బదులు మూడు కాళ్ళ గుర్తు ఉంటుంది. పై వరసల్లో పెద్దది, కిందికి పోయేకొద్దీ చిన్నది. కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. దారం ఒక కొస కంటి దగ్గర, రెండో కొస అట్ట దగ్గర.

మొదట వచ్చినామె పేరు ఎర్రమ్మ. అరవై దాటి ఉంటాయి. చీటీ నా చేతిలో పెట్టింది.

"ఈ చీటీ నీదేనా అమ్మా?"

"నాదే బాబూ."

సుజాత అట్ట పట్టుకుంది. "అమ్మా, ఈ గుర్తు కాళ్ళు ఎటున్నాయి?"

"ఏ గుర్తు?"

"ఈ అట్ట మీద ఉంది చూడు."

"అట్టెక్కడున్నాది?"

రాసుకున్నాను. రెండో మనిషి అట్టను చూశాడు గాని గుర్తును చూడలేదు. మూడో ఆమె అన్ని గుర్తులూ సముద్రం వైపే ఉన్నాయంది. మధ్యాహ్నానికి వచ్చినవాళ్ళలో కింది వరసల దాకా వెళ్ళినవాళ్ళు లేరనే చెప్పాలి. సుజాత మొహం వెలిగిపోతోంది. వాళ్ళ ప్రొఫెసరుకు ఫోను చేసింది. ఆయన గొంతు ఫోను బయటికి వినపడింది. ఇలాంటి ఫలితం ఈ తీరంలో ఎవరికీ రాలేదట, విదేశీ పత్రికకు పంపుదామట, ఆయన పేరు ముందుంటుందట.

నాకు మటుకు నచ్చలేదు. కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి. ప్రతి బస్తా ఎక్కువ తూగుతోందంటే బస్తాల్ని మెచ్చుకోను, కాటా చూస్తాను. ఆ మాటే అన్నాను.

"మీకు మంచి వార్త వస్తే పడదు తాతా," అంది సుజాత.

గోడ మీద సుద్ద గుర్తు

మర్నాడు టీ కోసం వెళ్తూ ఒక ఇంటి ముందు ఆగాను. గోడ మీద నేను పెట్టిన గుర్తు ఉంది. వాకిట్లో ఎండలో యాభై దాటిన మనిషి ఒకడు నిలబడి, ఫోను రీచార్జి కార్డును చేతిలో చాపి పట్టుకుని, గీకిన అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదువుతున్నాడు. భార్య ఫోనులో నొక్కుతోంది. ఒక్క అంకె తప్పలేదు. ఫోనులో డబ్బు పడింది.

మా కాగితాల ప్రకారం ఈ ఇంటి మనిషికి అట్ట కూడా కనపడలేదు.

"నీ పేరేమిటి బాబూ?"

"సింహాద్రి."

"నిన్న పాక దగ్గరికి నువ్వు రాలేదే?"

"నానెందుకొస్తాను మాస్టారూ? నా కళ్ళు బాగానే ఉన్నాయి. నా వంతు ఎర్రమ్మ పిన్నికి ఇచ్చీసినాను. పాపం దానికి సూదిలో దారం కూడా ఎక్కట్నేదు."

"వంతు ఇచ్చెయ్యడమేమిటయ్యా?"

"అదేటి, మీరే కదా సీటీ ఇచ్చినారు? నాకిచ్చిన సీటీ నానెవులికిస్తే మీకేటి?"

అతని భార్య తలుపు దగ్గర్నుంచి, "మా ఇల్లొక్కటే కాదు, పక్కింటోలు కూడా ఇచ్చీసినారు. కళ్ళు బాగున్నోలంతా కనపడనోలకి ఇచ్చీసినారు. ఊళ్ళో మంచీ సెడ్డా నేదనుకున్నారేటి?" అంది.

టీ తాగకుండానే వెనక్కి వచ్చాను.

కూర్మయ్య వాకిట్లో

సుజాతకు జరిగింది చెప్పాను. విని నేరుగా కూర్మయ్య దగ్గరికి నడిచింది. నేను వెనకాల.

"మమ్మల్ని మోసం చేస్తారా?" అన్నాను గుమ్మంలోంచే.

కూర్మయ్య వల మీదనుంచి తలెత్తాడు. "మోసమేటి మాస్టారూ? మీరు కుండలో సీటీలేసినారు. కుండలో సీటీలేస్తే అది వంతు. వంతు వచ్చినోడు, అవసరమైనోడికి ఇచ్చుకుంటాడు. మా తాతల కాలం నుంచీ అంతే."

అప్పుడు వివరంగా చెప్పాడు. ఒడ్డునుంచి లాగే పెద్దవలకు మంచి చోటు ఒక్కటే ఉంటుంది. ఏ రోజు ఎవరు వెయ్యాలో ఆ కుండలోనే చీటీలు తీస్తారు. ఇంట్లో జబ్బో చావో అయినవాళ్ళకు ఇంకొకరు తమ వంతు ఇచ్చేస్తారు. ఇచ్చినవాడు నోరు తెరిచి తిరిగి అడగకూడదు. అడిగితే ఆ ఇంటివాళ్ళతో ఎవరూ వల పట్టరు. పుచ్చుకున్నవాడే, చేప పడ్డాక, తరవాతి విడతలో నలుగుర్నీ వెంటబెట్టుకుని వాళ్ళ గుమ్మం ముందుకు వెళ్ళి, నీ వంతు నీకు అని అప్పజెప్తాడు. వల ఖాళీగా వస్తే ఆ మాట అననక్కర్లేదు. వంతు తీరనట్టే, పుచ్చుకున్నవాడి దగ్గరే ఉంటుంది.

నేను వింటూ మా వాళ్ళను తలుచుకున్నాను. మా ఇళ్ళలోనూ గుడి సేవకు వంతులున్నాయి. ఎవరూ ఎవరికీ ఇవ్వరు. మా పెదనాన్న పిల్లలు ఒక్క వంతు కోసం కోర్టుకు వెళ్ళారు. తీర్పు వచ్చేసరికి సన్నాయి వాయించగలిగినవాడు ఆ ఇంట్లో మిగల్లేదు.

"ఆ ఇళ్ళవాళ్ళనే ఇప్పుడు రమ్మంటే?" అంది సుజాత.

"రారమ్మా. ఇచ్చిన వంతు ఎనక్కి లాక్కున్నట్టవుతాది."

ఆమె పక్కకు వెళ్ళి ప్రొఫెసరుకు ఫోను చేసింది. ఇంటికొక మనిషి వచ్చాడా లేదా, వచ్చాడు. నలభై దాటాయా లేదా, దాటాయి. ఇంకేమిటి నీ బాధ, ఉన్నది ఉన్నట్టు రాసెయ్యి, అంటున్నాడాయన. పైగా గడువు దగ్గర పడిందనీ, ఇప్పుడు తప్పిపోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుందనీ అన్నాడు. నేను ఫోను ఇటివ్వమన్నాను. ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది.

తిరిగి వచ్చి కూర్మయ్య పక్కన ఇసకలోనే కూర్చుంది.

"ఎక్కువ రాస్తే మా ఊరికి ఎక్కువ అద్దాలొస్తాయి కదమ్మా?" అన్నాడు ఆయన. "మీకు నట్టమేటి?"

"అద్దాలు తీరమంతటికీ కలిపి ఒకటే మూట బాబాయిగారూ. మీ ఊరికి ఎక్కువ రాస్తే పక్క ఊళ్ళకు తగ్గిపోతాయి."

కూర్మయ్య చేతిలో వల ఆగింది.

"అంటే పక్కూరోల వంతు మేం తినీసినట్టు."

"అంతే."

"ఆ మాట ముందే సెప్పాల కదా! కుండ తెచ్చీముందు సెప్పాల," అని నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

ఆయనే దారి చెప్పాడు. ఇంకో కుండ అక్కర్లేదు. అవే ఇళ్ళకు రెండో విడత ఉందని చాటించాలి. పుచ్చుకున్నవాళ్ళు వెళ్ళి ఎవరి వంతు వాళ్ళకు అప్పజెప్తారు. "కానమ్మా, ఆలకి ముందు సేప పడాల," అన్నాడు.

చేప అంటే కళ్ళద్దాలు.

రెండో విడత

సుజాత ఒక పెట్టెనిండా కళ్ళద్దాలు తెచ్చింది. అవి ఎంపికైన ఇళ్ళలో చూపు తగ్గినవాళ్ళకు, పనంతా అయ్యాక ఇవ్వవలసినవి. ముందే ఇవ్వకూడదు, బయటివాళ్ళకు అసలే ఇవ్వకూడదు. ఆ నిబంధన రాసింది ఆమే. పెట్టె ముందేసుకుని కూర్చుంది.

"ఇస్తే డాక్టరేటు గ్రంథంలో ఇచ్చానని రాయాలి," అంది. "ఎందుకిచ్చానో కూడా రాయాలి."

"రాయి. ప్రొఫెసరు అదిరిపడతాడు. పడనీ."

ఇచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు ముందుగా చూసుకున్నది తమ చేతుల్ని. తరవాత ఇన్నాళ్ళూ తాము కుట్టిన వలల్ని. "ఓలమ్మో, ఇదేటి ఇలగ కుట్టినాను!" అని ఒకామె తన వల తనే విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రానికి గుంపులు గుంపులుగా గుమ్మాల ముందుకు వెళ్ళి, నీ వంతు నీకు, నీ వంతు నీకు, అని అప్పజెప్పేశారు. మర్నాడు పాక దగ్గరికి అసలు మనుషులు వచ్చారు. ఈసారి నేను చీటీ ఎవరిదని అడగలేదు. ఇంటి పేరు, మనిషి పేరు, పక్కింటివాళ్ళ సాక్ష్యం అడిగాను. అట్ట బాగా చూసినవాళ్ళూ ఉన్నారు, చూడలేనివాళ్ళూ ఉన్నారు. తమ కళ్ళు బాగున్నాయని వంతు ఇచ్చేసి, ఇప్పుడు అట్ట ముందు నీళ్ళు నమిలినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఇవ్వడానికి పెట్టెలో అద్దాలు మిగల్లేదు. తరవాత పంపుతానని చెప్పి, తరవాత పంపింది. లెక్క మామూలు లెక్కలా కనపడసాగింది. విదేశీ పత్రిక దూరంగా వెళ్ళిపోయింది.

ఒక్క సింహాద్రి రాలేదు.

ఎర్రమ్మకు పెట్టెలో ఉన్న ఏ అద్దమూ పనిచెయ్యలేదు. సుజాత టార్చి వేసి చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎర్రమ్మ ఆఖరి జత కూడా తీసి మర్యాదగా తిరిగిచ్చింది.

"నా వల ఖాళీగా వచ్చింది తల్లీ. సింహాద్రి వంతు నా దగ్గరే ఉన్నాది."

సింహాద్రిని పిలిస్తే గుమ్మం దాటలేదు. "పిన్ని ఇయ్యకుండా నానెలగొస్తాను? ఊళ్ళో తలెత్తుకోగలనేటి?" అన్నాడు.

అప్పుడు సుజాతతో నాకు గొడవైంది. ఆ మనిషి రీచార్జి కార్డు మీది అంకెలు చదవడం నా కళ్ళతో చూశాను. చూపు బాగుందని రాసెయ్యమన్నాను. గడి ఖాళీగా వదిలితే గ్రంథం పరీక్షించేవాళ్ళు పట్టుకుంటారన్నాను.

"దారం పెట్టి చూశారా తాతా?"

"దారమెందుకు? ఫోనులో డబ్బు పడింది!"

"అట్ట చూపించారా?"

"ఆ అంకెలు అట్ట మీద గుర్తులకంటే చిన్నవి."

"మీ ఇంటికి రెండు ఎద్దులు రాసినాయన కూడా ఇలాగే ఏదో చూసే రాసుంటాడు," అంది.

ఆ పూట నేను భోజనం విడిగా చేశాను.

గడి ఖాళీగానే ఉంచింది. మర్నాడు బయల్దేరేటప్పుడు మాతో ఎర్రమ్మ కూడా ఆటో ఎక్కింది. శ్రీకాకుళంలో సుజాతకు తెలిసిన కంటి ఆసుపత్రిలో చూపించడానికి. దారిలో ఉప్పు మడులు తెల్లగా మెరుస్తుంటే, "అక్కడేటి బాబూ, నీలున్నాయా?" అని అడిగింది. ఉప్పు అన్నాను. "ఎరక. వాసనొస్తన్నాది. సూద్దామని అడిగినాను," అంది. ఆసుపత్రివాళ్ళు ఒక కంటికి ముందు, రెండో కంటికి కొన్నాళ్ళాగి ఆపరేషను చేస్తామన్నారు. సుజాత గడువు ఆ కొన్నాళ్ళకు ముందే ఉంది. గడువు సంగతి ఎర్రమ్మకు చెప్పలేదు.

విజయనగరం

ఇంటికొచ్చాక కోపం చల్లారలేదు. కాగితం తీసుకుని కూర్చుని, సింహాద్రి గడిలో చూపు బాగుందని రాస్తే లెక్క ఎంత మారుతుందో, బాగాలేదని రాస్తే ఎంత మారుతుందో రెండు విధాలా వేసి చూశాను. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఎలా నింపినా గ్రంథం చివర తేలే మాట ఒకటే. అది సుజాతకు మొదటే తెలుసట. మరి ఎందుకు వదిలావంటే, నింపడానికి ఏమీ లేదు గనక అంది. ఆ ఖాళీ గడి కింద, వంతు ఇంకా తిరిగి ఇవ్వలేదు అని కారణం రాసింది. ప్రొఫెసరు అది కొట్టెయ్యమన్నాడు. కొట్టెయ్యలేదు. పత్రికకు పంపే వ్యాసంలో తన పేరు వద్దన్నాడు. ఆ పేరుకోసం ఎవరూ ఏడవలేదు. గ్రంథం గడువులోపల సమర్పించింది.

చలి మొదలయ్యాక ఒక పొద్దున తలుపు తీస్తే సింహాద్రి నిలబడి ఉన్నాడు. చేతిలో ఎండు నెత్తళ్ళ సంచి. ఆసుపత్రివాళ్ళ దగ్గర మా చిరునామా కనుక్కుని, తెల్లవారకముందే బస్సెక్కి వచ్చాడట.

"ఎర్రమ్మ పిన్నికి రెండు కళ్ళూ బాగున్నాయి మాస్టారూ. మొన్న నలుగుర్నీ ఎంటేసుకొచ్చి నా వంతు నాకిచ్చీసింది. అట్టెక్కడున్నాది?"

లోపల కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా చెప్పాను. పుస్తకం అయిపోయింది, వెళ్ళిపోయింది, ఇప్పుడు అతను చూసినా చూడకపోయినా ఎక్కడా చేరదు.

"పుస్తకం సంగతి నాకేటెరక? తిరిగొచ్చిన వంతు ఊరకే ఉంచితే ఆ బరువు పిన్ని మీదే ఉంటాది. సూపించీయండి, ఎలిపోతాను."

సుజాతకు ఫోను చేశాను. కాలేజీలో సెలవు చెప్పి వచ్చింది. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వరండాలో వెలుతురు సరిగ్గా పడేచోట కుర్చీ వేయించి, దారం ఒక కొస అతని కంటి దగ్గర పెట్టి, రెండో కొస దగ్గర అట్ట పట్టుకుంది. నేను కాగితం తీసుకున్నాను. నోరు మూసుకున్నాను.

పై వరసలు చకచకా చూపించాడు. కింద, ఇటు, పైన, అటు. నాలుగో వరసలో నెమ్మదించాడు. తల వెనక్కి లాగబోయాడు. దారం బిగిసింది.

"తల కదపకూడదు బాబూ," అంది సుజాత.

"దగ్గరైపోతన్నాదమ్మా. కూసింత దూరంగా అట్టుకుంటే సెప్తాను."

"ఇంతే దూరం. అందరికీ ఇంతే."

చెయ్యి గాలిలో కాసేపు ఆడించి, దించేశాడు. "కనపట్నేదు," అన్నాడు.

చూపు తగ్గింది. ఆ గడిలో నేను రాయమన్నదానికి సరిగ్గా ఎదురు. సుజాత నా వైపు చూడలేదు. చూడనందుకు నెత్తళ్ళు సగం వాళ్ళింటికి ఇప్పించాను.

కాగితం మీద పేరు, ఊరు, వరసలు రాసి, తేదీ వేసి, ఇద్దరం సంతకాలు చేశాం. సుజాత అతనికి సరిపోయే అద్దాలు తీసి ఇచ్చింది. సింహాద్రి అవి పెట్టుకుని కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసి, "అయిపోయినట్టేనా? ఇంక పిన్ని మీదేటీ నేదు కదా?" అన్నాడు.

లేదన్నాం. అన్నం తిని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.